పానగల్ పార్కులో జారుడుబల్ల

మద్రాసు వెళ్ళిన తెలుగువాడు ఒకప్పుడు మెరీనా బీచి చూశాడో లేదో గానీ, పానగల్ పార్కు చూడకుండా మాత్రం తిరిగొచ్చేవాడు కాదు! వేషాల కోసం రైలెక్కిన మన కుర్రాళ్ళు ఎందరికో అదే ఆఫీసు, అదే డ్రాయింగు రూము. జేబు ఖాళీ అయిన రోజున అదే పడకటిల్లు కూడా.

మా నాన్న కూడా ఆ బాపతే. 1974లో, ఇరవై రెండేళ్ళ వయసులో, తెనాలి నుంచి వెళ్ళి ఎనిమిది నెలలు ఉండొచ్చాడు. ఆ ఎనిమిది నెలల గురించి ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పలేదు. టీవీలో పాత సినిమా వస్తే చాలు, లేచి వరండాలోకి వెళ్ళిపోయేవాడు. మా నాయనమ్మ మాత్రం గుంపు సీను వచ్చినప్పుడల్లా కళ్ళజోడు సర్దుకుని కొడుకుని వెతికేది. పోయేదాకా వెతికింది.

2019 వేసవి సెలవుల్లో మా పాపనీ బాబునీ తీసుకుని మద్రాసు ప్రయాణం కడితే, "నేనూ వస్తాను" అన్నాడు నాన్న. ఆశ్చర్యపోయాను. పినాకినిలో దిగి, సాయంత్రం చల్లబడ్డాక ఆటోలో టి.నగర్ చేరాం.

అన్నట్టు, ఈ పేట పుట్టుకలోనే మన తెలుగు వాసన ఉంది. 1920లలో మాంబళం దగ్గరి పెద్ద చెరువుని పూడ్చి దీన్ని కట్టారు. పేటకి పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు పెట్టారు. పార్కుకి పానగల్ రాజా గారి పేరు. ఆయన అసలు పేరు పానగంటి రామరాయణింగారు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రిగా చేశారు. ఆయన విగ్రహం పార్కులోనే ఉంది.

చుట్టూ ఉస్మాన్ రోడ్డు, పాండీ బజారు, చీరల కొట్ల రద్దీ. గేటు దాటి లోపలికి అడుగుపెడితే చెట్ల నీడ! కానీ మా పిల్లలకి రాజా గారితో పనేముంది? జారుడుబల్ల కనబడగానే ఒకటే పరుగు. పాప పదిసార్లు జారింది. బాబు ఉయ్యాల కోసం ఓ తమిళ పిల్లాడితో పేచీ పెట్టుకుని, అయిదు నిమిషాల్లో వాడితోనే దోస్తీ కట్టేశాడు. భాష ఎవరికి కావాలండీ!

నాన్న ఓ చెట్టుకింద కూర్చుని చూస్తున్నాడు. పాప రొప్పుకుంటూ వచ్చింది.

"తాతా, నువ్వు ఇక్కడ ఏం ఆట ఆడుకునేవాడివి?"

"ఎదురుచూపులాట తల్లీ. ఎవరో ఒకరు వచ్చి పేరు పెట్టి పిలిచేదాకా ఇలా కూర్చోవాలి."

"పిలిచారా?"

"లేదమ్మా."

"అయితే ఓడిపోయావా?"

నాన్న నవ్వాడు. పాప మళ్ళీ పరిగెత్తాక మెల్లగా అన్నాడు: "మీ నాయనమ్మకి రాసిన ఉత్తరాల్లో మాత్రం వారం వారం గెలిచేవాణ్ణిరా. ఫలానా సినిమాలో గుంపులో ఉన్నాను, చూడమని రాసేవాణ్ణి. ఒక్క వేషం కూడా దొరకలేదు. తిరిగొచ్చాక చెబుదామనుకున్నాను. ఆవిడ అప్పటికే ఊరంతా చెప్పేసుకుంది."

నాకేం అనాలో తోచలేదు. గేటు దగ్గర వేరుశనక్కాయలు కొనుక్కొచ్చి నాన్న చేతిలో పెట్టాను. ఇద్దరం చీకటిపడేదాకా పొట్టు ఒలుచుకుంటూ కూర్చున్నాం.

ఆ తర్వాత మెట్రో రైలు స్టేషను కోసం ఆ పార్కులో కొంత స్థలం తీసుకున్నారు. మేం కూర్చున్న చెట్టు ఉందో పోయిందో! మన సినిమా అయితే ఎప్పుడో హైదరాబాదు చేరిపోయింది.

ఊరికి తిరిగొచ్చిన ఆదివారం టీవీలో ఏదో పాత సినిమా వేశారు. నాన్న లేవలేదు. గుంపు సీను రాగానే పాప టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరికి వెళ్ళి అడిగింది: "తాతా, ఇందులో నువ్వెక్కడ?"

"నేనా? అప్పుడు పార్కులో ఉన్నానమ్మా" అన్నాడు నాన్న, హాయిగా.