నీలకంఠరొయ్య మేతయు గ్రుడ్లును

మన డెల్టా చెఱువులలో పెంచు మంచినీటి రొయ్యలలో పెద్దది నీలకంఠరొయ్య. పేరు నీలకంఠమే గాని, ముదిరిన మగరొయ్యకు నీలిమ కంఠమున గాక పొడవైన డెక్కలయందు గానవచ్చును. మమ్మాకర్షించినది మాత్రము ఆడురొయ్య. గ్రుడ్లు పండుచున్న కొలది దాని తలపైని పెంకుక్రింద నారింజవన్నె ముద్ద యొకటి వెలికి గనబడును. కోయకయే తన లోపలి సంగతి తెలియనిచ్చు జీవి శాస్త్రపాఠమున కెంత యుపకారియో మాబోటి యుపాధ్యాయుల కెఱుక.

ఆ వన్నెకు మూలమైన పదార్థమును రొయ్య తనంత తాను చేసికొనజాలదు. నాచునుండియో, నాచు దిన్న చిఱుజీవులనుండియో గ్రహింపవలసినదే. కొలెస్టరాలును అట్టిదే. మన దేహము దానిని స్వయముగా తయారుచేసికొనును. రొయ్యకా శక్తి లేదు. పెంకు విడుచుటకు వలయు హార్మోను దానినుండియే పుట్టును. పెంకు విడిచిన పిమ్మటనే ఆడురొయ్య జతగూడి, యొక దినము లోపల గ్రుడ్లు పెట్టి, వానిని కడుపుక్రింద మోయును. చేపనూనెలో నుండునట్టి క్రొవ్వులను మేతలో జేర్చినచో, గ్రుడ్లు సంఖ్యయందును పొదుగుటయందును మేలుగా నుండునని పరిశోధకులు కనుగొనిరి. ఇందు వింత యేమున్నది? వెచ్చని నీటిలో సుమారు 20 దినములు పిండమునకు సొనయే యాహారము. తల్లి తిననిది బిడ్డ కెక్కడనుండి వచ్చును? గ్రుడ్లు నారింజవన్నె తఱిగి బూడిదవన్నె కెక్కుట ఆ సొన వ్యయమైనదనుటకు గుర్తు.

పిల్లలను పుట్టించు హేచరీవారికిది శుభవార్త. చెఱువు రైతు సంగతి వేఱు. ఆయన యమ్మునది మాంసము. ఆడురొయ్య గ్రుడ్లకు దొడగినంతనే తిన్న దానిలో నధికభాగము వానికే పోయి, యెదుగుదల మందగించును. ఒక కాన్పు కడుపుక్రింద నుండగనే తలలో రెండవది పండనారంభించుటయు గలదు! పోనీ, ఆ గ్రుడ్లవలన చెఱువున పిల్లలైన దక్కునా యనిన, అదియు లేదు. పిల్లలు బ్రదుకుటకు ఉప్పు కలిసిన నీరు కావలెను. ఈ మర్మమును 1960 తరువాతి తొలి యేండ్లలో పినాంగున లింగు అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను.

మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తండ్రి యీ చిక్కుననే యుండి మమ్మడిగిరి: "మాష్టారూ, అప్పు చేసి మంచి మేతే వేస్తున్నాం. ఆడరొయ్య పెరగడం మానేసి గుడ్లు మోస్తోంది. మేత తగ్గించేయమంటారా?" ఆ పంట మీదనే బాలిక పైచదువు నిలిచియున్నదని మే మెఱుగుదుము. మేత తగ్గించినచో గ్రుడ్లు నిలుచునను నమ్మకము లేదు. మగరొయ్య యెదుగుదల మాత్రము తప్పక చెడును. కావున గ్రుడ్లు మోయువానిని ముందుగా పట్టి యమ్మి, మిగిలినవానికి తావు గల్పింపుడని చెప్పితిమి. "ఈ కౌంటుకి రేటు పలకదండీ" అని ఆయన నసిగిరి. నిజమే. అయినను బాలికయు మేమును గట్టుపై గూర్చుండి, ఆ యాడురొయ్యలు ఇక రెండు నెలలు తిను మేత వెల యెంతయో, అవి పెరుగు తూకము వెల యెంతయో లెక్కవేసి చూపితిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. మఱునాడు వల దింపించి, ఆడువానిని చేతితో నేఱి బజారునకు పంపిరి. మగరొయ్య లింకను చెఱువుననే యున్నవి. సంక్రాంతి వెళ్లిన పిదప పట్టుదురట.