ఓడిన ఏడాదికి గురువే కారణమా?

1952లో హెల్సింకీ నగరంలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో మన భారత ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. మన ఆటగాళ్ళలో అధికులు ఆ చలినేలపై బూట్లు లేకుండా ఆడారు. ఆ జట్టుకు శిక్షకులు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. అంతకు ముందు ఏడాదే ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలో మన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం సాధించింది. ఏడాది తిరిగేసరికి పది గోల్స్ మూటగట్టుకొని రావలసి వచ్చింది. ఆనాడే ఆయనను ఇంటికి పంపివేసి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన ఈ మధ్య మాకు పదే పదే కలుగుతున్నది. అందుకు కారణం మా కుటుంబంలోనే ఉన్నది.

మా చెల్లెలి కుమారుడు రాజమహేంద్రవరంలో డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతూ, కళాశాల ఫుట్‌బాల్ జట్టులో ఆడుతున్నాడు. మా గోదావరి ప్రాంతంలో క్రికెట్‌కు, కబడ్డీకి ఉన్న ఆదరణ ఈ ఆటకు లేదు. ఈ విద్యా సంవత్సరం ఆ జట్టుకు కొత్త శిక్షకుడు వచ్చారు. ఆయన వచ్చిన తరువాత ఆడిన పోటీలలో జట్టు ఒక్కటీ గెలవలేదు. కొందరు తల్లిదండ్రులు కలిసి ప్రిన్సిపాల్ గారికి వినతిపత్రం సిద్ధం చేశారు. శిక్షకుని ఒప్పందం ఒక ఏడాదికే గనుక దానిని పొడిగించవద్దని అందులోని కోరిక. ఏళ్ళ తరబడి మదర్సాలో పాఠం చెబుతున్న మా సంతకం కూడా ఉంటే బరువు పెరుగుతుందని భావించి, చెల్లెలి భర్త ఆ కాగితాన్ని మా వద్దకు తెచ్చారు.

"భాయ్‌జాన్, ఈ ఆట మాని వీడు పుస్తకం పట్టుకుంటే అదే పదివేలు" అన్నది చెల్లెలు. బాబు తల వంచుకొని, "మామూ, మాకు గెలవడం ఇంకా రాలేదు. కానీ ఆడటం ఇప్పుడిప్పుడే తెలుస్తున్నది. సారును పంపివేస్తే మళ్ళీ మొదటికే వస్తాము" అన్నాడు. ఆ మాట విని మేము కలం పక్కన పెట్టాము.

ఆ శిక్షకుడు ఏమి నేర్పుతున్నారని బాబును విచారించాము. బంతిని ఎవరూ తమ వద్దనే ఉంచుకోకూడదట, వెంటనే తోటివానికి అందించాలట. కుడికాలి వాటం ఉన్నవారు రోజూ కొంతసేపు ఎడమకాలితోనే ఆడాలట. పాత అలవాటు పోయి కొత్తది ఇంకా కుదురుకోనందున పోటీలలో తడబడుతున్నారట.

ఇది రహీం సాహెబ్ అనుసరించిన మార్గమే. ఆయన వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయులు. బంతిని కాళ్ళ మధ్యనే తిప్పుకుంటూ పోవడాన్ని నిషేధించిన పోటీలను, వాటం లేని కాలితోనే ఆడవలసిన పోటీలను ఆయన ప్రత్యేకంగా నిర్వహించేవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

హెల్సింకీ పరాభవం వృథా కాలేదు. ఆ తరువాత మన దేశంలో ఆటగాళ్ళు బూట్లు ధరించడం తప్పనిసరి అయింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం సాహెబ్ జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కరే మూడు గోల్స్ చేశారు. సెమీఫైనల్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా ఎదురైంది. ఈసారి తొలి గోల్ మనదే. చివరకు 4-1తో ఓడినా, నాలుగేళ్ళ క్రితం పది గోల్స్ తిన్న జట్టు ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా ముగించింది.

1962లో జకార్తా ఆసియా క్రీడలలోనూ ప్రారంభం ఓటమితోనే జరిగింది. దక్షిణ కొరియా 2-0తో గెలిచింది. తలకు గాయమై కుట్లు పడిన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీం సాహెబ్ ముందు వరుసలోకి పంపారు. ఫైనల్‌లో మళ్ళీ దక్షిణ కొరియాయే ఎదురుకాగా మనవారు 2-1తో గెలిచారు. ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్ సింగ్‌ది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న గురువు 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడలలో మన ఫుట్‌బాల్‌కు నేటి వరకు దక్కిన బంగారు పతకాలు రెండే. రెండూ ఆయన శిక్షణలో వచ్చినవే.

అలాగని ఓడించిన ప్రతి శిక్షకుడూ రహీం సాహెబ్ కాడు. పని చేతకాక ఓడేవారూ ఉంటారు, నిర్లక్ష్యంతో పిల్లల కాలాన్ని పాడుచేసేవారూ ఉంటారు. కనుక గెలుపు ఓటముల పట్టిక ఒక్కటే చూసి తీర్పు చెప్పరాదు. మూడు సంగతులు విచారించాలి. మొదటిది, ఆయన పిల్లలకు కొత్తగా ఏదైనా నేర్పుతున్నారా? రెండవది, ఓడిన రోజున వారిని అవమానిస్తున్నారా, లేక తప్పు ఎక్కడ జరిగిందో చూపుతున్నారా? మూడవది, ఓడిన మరునాడు కూడా పిల్లలు ఇష్టంతో మైదానానికి వెళుతున్నారా? మా బాబు ఇచ్చిన జవాబులు మూడూ శిక్షకునికి అనుకూలంగానే ఉన్నాయి.

డెల్టా రైతుకు ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు. నారుమడిలో పచ్చగా ఉన్న నారును పీకి చేలో నాటితే కొన్ని రోజులు వాడి, పసుపుబారి కనిపిస్తుంది. వేరు కొత్త మట్టిని పట్టుకున్నాక మూన తిరుగుతుంది. మూన తిరగకముందే పంట పోయిందని చేను దున్నివేసే రైతును మేము చూడలేదు. పిల్లల విషయంలో మాత్రం మనకు ఆ పాటి ఓపిక ఎందుకు ఉండదో ప్రతి ఇంటా ఆలోచించాలి.

మేము ఆ వినతిపత్రంపై సంతకం చేయలేదు. ఒప్పందాన్ని మరొక ఏడాది పొడిగించి, అప్పుడు ఆయన పనిని మళ్ళీ పరిశీలించమని కోరుతూ వేరొక లేఖ రాశాము. చెల్లెలి భర్త కొంత నొచ్చుకున్నారు. అయినా ఆ రాత్రే బాబును పిలిచి, ఎడమకాలి సాధన ఎలా సాగుతున్నదని అడిగారట. కళాశాలవారి నిర్ణయం ఇంకా వెలువడలేదు. బాబు మాత్రం ఫజ్ర్ నమాజు ముగించుకొని, బూట్లు చేత పట్టుకొని రోజూ మైదానానికి వెళుతూనే ఉన్నాడు.