నిప్పు నడక

9 జనవరి 2025, గురువారం. దిల్‌సుఖ్‌నగర్

విజువల్ ఎఫెక్ట్స్ క్లాసులో ఒకమ్మాయి కోట తగలబడే షాట్ చూపించింది. రంగు కుదిరింది, పొగ కుదిరింది. కోట మాత్రం బొమ్మలా ఉంది. మంటలు తొందరపడుతున్నాయి. చిన్న మంట గబగబా ఊగుతుంది, పెద్దది బరువుగా లేస్తుంది. ‘బాహుబలి’ (2015)లో కాలకేయుల సేన మీద గుడ్డ కప్పి అంటించే ఘట్టం మళ్లీ చూసి రమ్మన్నాను. హీరోలను వదిలేసి, మంట వేగమొక్కటే చూడమన్నాను.

13 జనవరి, సోమవారం, భోగి. ఎల్బీనగర్

తెల్లవారుజామున కాలనీలో భోగి మంట. ఫోన్‌లో స్లో మోషన్ తీశాను. వేడిగాలి పైకి లేస్తుంటే పక్కల నుంచి చల్లగాలి చొరబడుతుంది. అక్కడ మంట సన్నబడి, పైభాగం ముద్దగా తెగి లేచిపోతుంది. దీనికి లెక్కుంది. మీటరు వెడల్పు మంట సెకనుకు సుమారు ఒకటిన్నర సార్లు అలా ఊగుతుంది, పది సెంటీమీటర్లది ఐదుసార్ల దాకా. వెడల్పు నాలుగింతలైతే ఊపు సగమవుతుంది. ఆ పసుపు వెలుగు మసిది. వేడి మీద వెలిగే మసి కణాలే, కాలిపోకుండా మిగిలి చల్లారితే నల్లపొగ. మంటనూ పొగనూ వేర్వేరుగా చేయకూడదని పిల్లలకు చెప్పాలి.

17 జనవరి, శుక్రవారం. దిల్‌సుఖ్‌నగర్

సిమ్యులేషన్‌లో గాలిని గళ్లుగా కోస్తాం. ఒక్కో గడిలో (వాక్సెల్‌లో) వేడి, వేగం, ఇంధనం, పొగ ఎంతెంత ఉన్నాయో లెక్క ఉంటుంది. గడి అంచును సగం చేస్తే గళ్లు ఎనిమిదింతలవుతాయి, సిస్టమ్ రాత్రంతా నడుస్తుంది. జాస్ స్టామ్ 1999లో చూపిన పద్ధతిలో కాలాన్ని పెద్ద అంగల్లో దాటినా లెక్క చెదరదు, కానీ సన్నటి సుళ్లు చచ్చిపోతాయి. 2001లో ఫెడ్కివ్, స్టామ్, జెన్సెన్ కలిసి వాటికి మళ్లీ బలమిచ్చే దారి చూపారు.

ఆ అమ్మాయి గళ్లు పెంచబోయింది. ముందు కొలతలు చూడమన్నాను. సాఫ్ట్‌వేర్ లెక్కలో కోటగోడ ఎత్తు ఇరవై సెంటీమీటర్లే! ఇరవై మీటర్లు చేసి, మంటను కూడా ఆ కొలతకు పెంచింది. కోట నూరింతలు, మంట ఊపు పదింతలు నెమ్మది. ఇప్పుడది కోటలా కాలింది.

20 జనవరి, సోమవారం. దిల్‌సుఖ్‌నగర్

వచ్చే పాఠం పేలుడు. “సర్, మన దిల్‌సుఖ్‌నగర్ వీడియోలే రిఫరెన్స్‌గా పెట్టుకుందామా?” అన్నాడు ఒకబ్బాయి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఈ రోడ్డు మీదే బాంబులు పేలాయి. ఇంటికెళ్లే దారిలో ఉన్నవాళ్లు పోయారు. అప్పటికి ఆ అబ్బాయి చాలా చిన్నవాడు, తప్పు పట్టలేను. కూర్చోబెట్టి ఆ సాయంత్రం గురించి చెప్పాను. వీడియోలు వద్దన్నాను. దుమ్ము ఎలా లేస్తుందో, రాయి ఎలా చిట్లుతుందో క్వారీ బ్లాస్టింగ్ చూసి నేర్చుకోవచ్చు.

ఇక మీదట రిఫరెన్స్ ఫోల్డర్‌లో ప్రతి క్లిప్ పక్కన అది ఎక్కడిదో, ఎప్పటిదో రాయాలి. ఆ నిప్పులో మనిషి పోయి ఉంటే, ఆ క్లిప్ మా క్లాసులో వాడం.