కోకాపేటలో ఆఖరి పాట ఎవరిది?

మెహదీపట్నంలో బస్సెక్కి లంగర్‌హౌస్ దాటండి. నార్సింగి మీదుగా గండిపేట దారి పట్టండి. ఒకప్పుడు హైదరాబాదు కుటుంబాలు ఆదివారం పూట టిఫిన్ క్యారియర్లు కట్టుకుని ఈ దారినే ఉస్మాన్‌సాగర్ చూడబోయేవి. 1908లో మూసీ పొంగి ఊరిని ముంచేశాక, మళ్ళీ అంత ఘోరం జరక్కుండా కట్టించిన జలాశయం అది. 1920లో పూర్తయింది. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదిలిపోడని పాతవాళ్ళు ఇప్పటికీ అంటారు.

ఆ చెరువుకి కాస్త ఇవతలే కోకాపేట. రంగారెడ్డి జిల్లా, గండిపేట మండలం. పేరు వింటే పల్లెటూరు. తలెత్తి చూస్తే మెడ నొప్పెడుతుంది! అంతస్తు మీద అంతస్తు, ఆ పైన క్రేను. నగరం చుట్టూ 158 కిలోమీటర్లు తిరిగే ఔటర్ రింగ్ రోడ్డు ఊరి పక్కనుంచే పోతుంది. కాస్త అటు వెళితే ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు, ఇంకాస్త వెళితే గచ్చిబౌలి. సాయంత్రం ఆరు దాటాక మెడలో కంపెనీ కార్డులు వేలాడేసుకున్న కుర్రకారు టీ బడ్డీల చుట్టూ మూగుతారు. వాళ్ళ మాటల్లో శ్రీకాకుళం వినిపిస్తుంది, కడప వినిపిస్తుంది, కరీంనగర్ వినిపిస్తుంది. పక్క రాష్ట్రాల భాషలు సరేసరి.

సినిమా పత్రికవాడికి కోకాపేటలో ఏం పని అంటారా? పని ఉంది. అల్లు రామలింగయ్య శతజయంతి నాడు, 2022 అక్టోబరు 1న, చిరంజీవి చేతుల మీదుగా అల్లు స్టూడియోస్ మొదలైంది ఈ గండిపేట చుట్టుపక్కలే. కృష్ణానగర్‌లో మొదలైన సినిమా కొద్దికొద్దిగా పడమటికి జరుగుతోంది. సినిమాతోపాటు పాటా జరుగుతోంది. ఐటీ కారిడార్‌లో వారాంతం వచ్చిందంటే ఎక్కడో ఒకచోట స్టేజి లేస్తుంది, లైట్లు వెలుగుతాయి, గిటార్లు శ్రుతి అవుతాయి. ఆ మ్యూజిక్ ఫెస్టివల్ పోస్టరు మీద అందరికంటే పెద్దక్షరాల్లో ఎవరి పేరుండాలి? అందరి తరవాత, జనం పూర్తిగా నిండాక, ఆఖరున స్టేజి ఎక్కవలసింది ఎవరు?

కుర్రవాళ్ళని అడగండి, చౌరస్తా అంటారు. జానపదానికి రాక్, రెగే దరువు కలిపిన మన హైదరాబాదు బ్యాండు. అంతటి పీట వాళ్ళకి దక్కవలసిందేనా? తేల్చుకోవడానికి కోకాపేటకి మించిన చోటు లేదు.

గజం రెండు లక్షల నేల

ముందు ఈ నేల సంగతి చెప్పుకోవాలి. 2021 జూలైలో హెచ్.ఎం.డి.ఏ. కోకాపేట భూముల్ని వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా 60 కోట్ల 20 లక్షలు పలికింది. అబ్బో అనుకున్నారు జనం. 2023 ఆగస్టు 3న మళ్ళీ వేలం. ఈసారి ఎకరం 100 కోట్ల 75 లక్షలు! 2025 నవంబరులో 150 కోట్లు కూడా దాటిపోయింది.

2023 లెక్కే తీసుకుందాం. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం రెండు లక్షల పైమాట. నలభై అడుగుల పొడవు, ముప్ఫయి అడుగుల వెడల్పుతో మామూలు స్టేజి వేస్తే, దాని కింది నేల ఖరీదే రెండు కోట్ల డెబ్బయి ఏడు లక్షలు. ఇంత ఖరీదైన నేల మీద నిలబడి పాడేవాడు ఏం పాడాలి?

ఆ వేలం జరిగిన మూడోనాడే, 2023 ఆగస్టు 6న, గద్దర్ కన్నుమూశాడు. భుజాన గొంగడి, కాలికి గజ్జె, చేతిలో కర్ర. గిటారు లేదు, డ్రమ్ సెట్టు లేదు. ఒక్క గొంతుతో వేలాది జనాన్ని మైదానంలో నిలబెట్టిన మనిషి. సినిమా పాటతో పనిలేకుండా తెలుగువాడు జనాన్ని ఆపలేడనేవాళ్ళకి ఆయన ఒక్కడు చాలు జవాబు. ఆ గొంగడి నేసేది ఎవరు? కురుమలు. కోకాపేటకి వాళ్ళతో ఉన్న బంధం ముందు ముందు మనకి పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఊరెళ్ళిపోతాననే పాట

ఇక చౌరస్తా సంగతి. వాళ్ళకి పేరు తెచ్చిన పాట ‘ఊరెళ్ళిపోతా మామా’. పట్నం బతుకుతో విసిగిన మనిషి సొంతూరు వెళ్ళిపోతానని మారాం చేసే పాట. ఒక చెవికి పల్లె పాట, ఇంకో చెవికి జమైకా నుంచి వచ్చిన రెగే. రెండూ తగువులాడుకోకుండా ఒకే చాప మీద కూర్చుంటాయి. మార్కెటింగు పెద్దగా లేకుండానే ఫోనునుంచి ఫోనుకి పాకింది. 2020లో కరోనా వచ్చిన కొత్తల్లో ‘చేతులెత్తి మొక్కుతా’ అంటూ ఇంకో పాట వదిలారు. అదీ ఇల్లిల్లూ తిరిగింది.

ఇప్పుడు ఆలోచించండి. హాస్టల్లో ఉండేవాడు, ముప్ఫయ్యో అంతస్తులో ఫ్లాటు కొన్నవాడు, నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాడు, అందరూ కలిసి కోకాపేట మైదానంలో నిలబడి ఊరెళ్ళిపోతానని పాడితే ఎలా ఉంటుంది? సోమవారం పొద్దున్న తొమ్మిదికి మళ్ళీ లాగిన్ అవ్వాలని అందరికీ తెలుసు. అయినా పాడతారు. పాడుకుంటారు కాబట్టే సోమవారం పోగలుగుతారు. ఈ మనుషులకి, ఈ చోటుకి, ఈ వయసుకి ఇంతకంటే అచ్చంగా అతికే పాట నాకు కనిపించలేదు.

అయితే ఇందులో ఓ మెలిక ఉంది. వచ్చినవాడు ఊరెళ్ళిపోతాడు సరే. కోకాపేటవాడు ఎక్కడికి వెళ్ళాలి? అతను కదలకుండానే అతని ఊరు అతని కాళ్ళ కిందనుంచి వెళ్ళిపోయింది. గొర్రెలు మేసిన బీడు మీద గాజు గోడలు లేచాయి. అదే పాట అతని చెవికి వేరేగా వినిపిస్తుంది.

కాదనేవాళ్ళ వాదన

చౌరస్తాకి పెద్దపీట వద్దనేవాళ్ళు మూడు మాటలంటారు.

మొదటిది: రామ్ మిరియాల లేని చౌరస్తా ఏం చౌరస్తా? నిజమే, ఆ గొంతే జనానికి గుర్తు. అతను 2020లో బ్యాండు వదిలి బయటికొచ్చాడు. 2021లో ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట పాడాడు, 2022లో ‘డిజె టిల్లు’ టైటిల్ పాట తానే కట్టి తానే పాడి ఊపేశాడు. కానీ ఒక్కటి గమనించాలి. సినిమా వాడి గొంతు కోసం బ్యాండు గుమ్మానికి వచ్చింది. బ్యాండు సినిమా గుమ్మం దగ్గర పడిగాపులు పడలేదు. మనిషి వెళ్ళినా పేరు నిలబడితేనే అది బ్యాండు. లేకపోతే గాయకుడు, వెనక వాద్యబృందం. రామ్ వెళ్ళాక కూడా చౌరస్తా స్టేజి దిగలేదు. అది వాళ్ళ ఖాతాలో వేయాల్సిన మార్కే.

రెండోది: రెండు మూడు పాటలకే ఇంత గౌరవమా? దీనికి జవాబు ఏ లైవ్ షోకి వెళ్ళినా దొరుకుతుంది. మన బ్యాండ్లలో ఎక్కువమంది ఇళయరాజా, కీరవాణి, రెహమాన్ పాటలు వాయించి చప్పట్లు కొట్టించుకుంటారు. తప్పు లేదు, మంచి పాట ఎవరు వాయించినా మంచిదే. కానీ అక్కడ చప్పట్లు ఇళయరాజాకి పడతాయి, బ్యాండుకి కాదు. సొంత పాట పెట్టి నిలబడటం వేరు. ఢిల్లీలో 1990లో పుట్టిన ‘ఇండియన్ ఓషన్’ అలాగే నిలబడింది. ‘బ్లాక్ ఫ్రైడే’ సినిమా ఆ తరవాతే వాళ్ళని వెతుక్కుంటూ వచ్చింది. కేరళకి ‘తైక్కుడం బ్రిడ్జ్’ ఉంది, కన్నడానికి రఘు దీక్షిత్ ఉన్నాడు. తెలుగులో ఆ వరుసలో చెప్పుకోవడానికి ఎంతమంది ఉన్నారు? సినిమా రాతలతో అన్నం తినే నాలాంటి వాడే ఈ మాట అంటున్నాడంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

మూడోది బరువైన మాట: జానపదం వాళ్ళ సొత్తా? పల్లెలో పుట్టిన దరువు తీసుకుని, గిటారు తగిలించి, పెద్ద స్టేజి మీద పెద్ద సొమ్ము పుచ్చుకోవచ్చా?

ఈ తగువు కొత్తది కాదు. 1965 జూలై 25న అమెరికాలో న్యూపోర్టు జానపద ఉత్సవంలో బాబ్ డిలాన్ ఎలక్ట్రిక్ గిటారుతో స్టేజి ఎక్కితే జనంలో కొందరు గోల గోల చేశారు. వాళ్ళ భయం జానపదం చెడిపోతుందని. మన భయం అది కాదు. మన జానపదం గట్టి పిండం, గిటారుకి చెడేది కాదు. మన భయమల్లా అసలు కళాకారుడు ఆకలితో ఉండిపోతాడని. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య ‘భీమ్లా నాయక్’ పాటతో రాష్ట్రమంతా తెలిశాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మొగులయ్య కూలిపనికి వెళుతున్నాడని పేపర్లో చదివి తలదించుకున్నాం. చప్పట్లు వేరు, బియ్యం వేరు.

పది గంటలకి ఆగే పాట, పది గంటలకి మొదలయ్యే కథ

ఇప్పుడు కురుమల దగ్గరికి వద్దాం. 2017 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి కె.సి.ఆర్. కోకాపేటలో యాదవులకి, కురుమలకి చెరో భవనానికి శంకుస్థాపన చేశారు. కురుమ భవనానికి దొడ్డి కొమరయ్య పేరు పెట్టారు. 1946 జూలై 4న కడవెండిలో తుపాకి గుండుకి నేలకొరిగి తెలంగాణ పోరాటానికి నిప్పు ముట్టించిన కురుమబిడ్డ ఆయన.

ఆ గొల్ల కురుమల ఇంటి కళ ఒగ్గు కథ. ఒగ్గు అంటే శివుడి చేతిలో డమరుకం. డోలు, తాళం తోడుగా మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెబుతారు. చుక్క సత్తయ్య ఈ కళని ఊళ్ళో గద్దె దగ్గరనుంచి ఢిల్లీ దాకా తీసుకెళ్ళాడు. సంగీత నాటక అకాడెమీ అవార్డు అందుకుని 2017లో వెళ్ళిపోయాడు. డోలు మోత గుండెల్లోకి దిగుతుంటే కథకుడు ఒక్కడే రాజవుతాడు, రాణి అవుతాడు, గొర్రె కూడా అవుతాడు. ఏ రాక్ డ్రమ్మరయినా ఆ డోలు ముందు కాసేపు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

మరయితే ఆఖరి అంశం వాళ్ళకే ఇవ్వొచ్చుగా? ఇక్కడే గడియారం అడ్డొస్తుంది. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. కాబట్టి ఫెస్టివల్లో ఆఖరి అంశమంటే తొమ్మిది నుంచి పది. ఒగ్గు కథ పల్లెలో ఊపందుకునేదే ఆ వేళకి! అన్నాలు తిని, పిల్లల్ని పడుకోబెట్టి, జనం చాపలు పట్టుకుని కదిలే వేళ అది. తెల్లారే దాకా ఒకే బృందం, ఒకే కథ. ఆ కళలో పోస్టరు మీద పెద్ద పేరు, చిన్న పేరు అన్న తగాదాయే లేదు. అటువంటిదాన్ని తెచ్చి సాయంత్రం అయిదింటికి, ఎండ పోకముందే, ఖాళీ మైదానంలో ఇరవై నిమిషాలు ఆడించి శాలువా కప్పి పంపించేస్తున్నాం. అసలు అవమానం అదీ. చౌరస్తా ఆఖర్న పాడటం కాదు.

నా తీర్పు

నన్నడిగితే తొమ్మిది నుంచి పది దాకా స్టేజి చౌరస్తాదే. అది దయ కాదు, వాళ్ళ కష్టార్జితం. నిలబడి ఉన్న వేలమంది చేత సినిమాది కాని తెలుగు పాట పాడించగల సత్తా ఉన్నవాళ్ళకే ఆ గంట చెందుతుంది.

కానీ పదికి మైకులు ఆగాక ఫెస్టివల్ అయిపోవలసిన పని లేదు. అదే నియమాలు నాలుగు గోడల మధ్య ఆడిటోరియాలకి, కమ్యూనిటీ హాళ్ళకి మినహాయింపు ఇచ్చాయి. కోకాపేటలో హాళ్ళకేం కొదవ? చాపలు పరిచి, టీ పెట్టించి, రాత్రి పదిన్నరకి ఒగ్గు కథ మొదలుపెట్టించండి. ఉన్నవాళ్ళు ఉంటారు, పోయేవాళ్ళు పోతారు. పారితోషికం మాత్రం బ్యాండుతో సమానంగా, ముందే, చేతికివ్వండి.

పోస్టరు మాటంటారా? ‘గుండమ్మ కథ’ టైటిల్స్‌లో ఎన్.టి.ఆర్., ఏ.ఎన్.ఆర్. పేర్లు ఎవరివి ముందన్న గొడవ లేకుండా బొమ్మలు చూపించి సరిపెట్టారు. 1962లోనే విజయావారికి తట్టిన ఉపాయం మనకి తట్టదా? ఓ పక్క గిటారు బొమ్మ, ఓ పక్క డోలు బొమ్మ వేయండి. అక్షరాలన్నీ ఒకే సైజు. ఊరెళ్ళిపోతానని పాడినవాళ్ళలో పదిమందయినా మైదానం దాటి ఆ హాల్లోకి నడిచారంటే, వాళ్ళు వెతుక్కునే ఊరు వాళ్ళకి కోకాపేటలోనే కాసేపు దొరుకుతుంది.