బిళ్ల మీది పేరు, లోపలి మందు

కొల్లేటి సరస్సు చుట్టుపక్కల పల్లెల్లో కీళ్లవాతం అన్న ఒక్క మాట కిందికి చాలా జబ్బులు వస్తాయి: వయసుతో మోకాలి చిప్ప అరిగి వచ్చే నొప్పి, 2006లో ఆంధ్ర జిల్లాలను చుట్టుముట్టిన చికున్‌గున్యా నెలల తరబడి మిగిల్చిన పట్లు, యూరిక్ యాసిడ్ వల్ల కాలి బొటనవేలు వాచే గౌటు, వీటన్నింటితో పాటు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. ఈ చివరిదాని దారి వేరు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ కీలు లోపలి పలుచని పొరను పరాయిదిగా భావించి దాని మీదికి పోవడం వల్ల ఈ జబ్బు వస్తుంది కనుక ఇది ఎక్కువగా చేతివేళ్ల చిన్న కీళ్లలో, రెండు చేతుల్లోనూ ఒకే తీరుగా మొదలవుతుంది. పొద్దున లేచాక గంటసేపయినా పిడికిలి బిగియదు. మగవారి కంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. పట్టించుకోకపోతే కొన్నేళ్లలోనే వేళ్లు వంకరపోయి, చేప కోసే చేయి, నాట్లు వేసే చేయి, చివరికి జాకెట్టు హుక్కు పెట్టుకోవలసిన చేయి కూడా పనికి రాకుండా పోతుంది.

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో తల్లికి ఈ జబ్బు ఉండి, కొడుకో కూతురో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన కుటుంబాల్లో ఆదివారం ఫోను సంభాషణ ఒక దశలో తప్పకుండా మందుల దగ్గరికి వస్తుంది. ఏ మందు అని కాక, ఏ కంపెనీది అని అక్కడినుంచి ప్రశ్న వస్తుంది. తల్లి స్ట్రిప్ మీది పెద్ద అక్షరాలను కూడబలుక్కొని చదువుతుంది. అసలు మందు పేరు ఆ మాటల్లో ఎక్కడా రాదు. విదేశంలో ఉన్నవారి ప్రేమకు దూరం వల్ల కలిగే భయం తోడవడంతో, ఖరీదైనదే మంచిదన్న నమ్మకం ఆ ప్రేమకు కొలబద్దగా మారుతుంది. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో తేల్చడానికి, ఈ జబ్బు చరిత్రలో పెద్ద పేరుకూ సాదా పేరుకూ మధ్య అన్నిటికంటే పట్టుదలగా సాగిన వాదాన్ని, అంటే యాంటీబయాటిక్‌ల వాదాన్ని, చూడడం ఉపయోగకరం.

సూక్ష్మజీవులను చంపే మందుకు, సూక్ష్మజీవి వల్ల వచ్చినట్టు రుజువు కాని జబ్బుతో ఏమి పని అన్న సందేహం సహజమే. ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలో చాలామంది వైద్యులు రుమటాయిడ్ జబ్బుకు మూలం ఏదో అంటు అని నమ్మారు. ఆ నమ్మకంతోనే స్వీడన్‌లో నన్నా స్వార్ట్జ్ అనే వైద్యురాలు 1930ల చివర సల్ఫా మందును, ఆస్పిరిన్ కుటుంబానికి చెందిన మరో మందును ఒకే అణువుగా కలిపించగా సల్ఫాసలజీన్ పుట్టింది. అంటు అన్న ఊహ నిలవలేదు గాని మందు నిలిచింది, ఈనాటికీ కీళ్ల వైద్యులు దాన్ని రాస్తూనే ఉన్నారు. అమెరికాలో థామస్ మెక్‌ఫర్సన్ బ్రౌన్ అనే వైద్యుడు, గోడ లేని అతి చిన్న సూక్ష్మజీవులయిన మైకోప్లాస్మాలే ఈ జబ్బుకు కారణమని నమ్మి, టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులను తక్కువ మోతాదులో ఏళ్ల తరబడి ఇచ్చాడు. 1988లో ఆయన పుస్తకం వెలువడ్డాక ఆ పద్ధతిని అనుసరించే రోగులు అనేక దేశాల్లో ఏర్పడ్డారు. ఆయన మరణించిన కొన్నేళ్లకు 1995లో అమెరికాలో 219 మందిపై 48 వారాలు జరిపిన పరీక్షలో, ఆ కుటుంబానికి చెందిన మినోసైక్లిన్ తీసుకున్నవారిలో 54 శాతం మందికి కీళ్ల వాపు తగ్గగా, మందు లేని ఉత్తుత్తి బిళ్ల తీసుకున్నవారిలో 39 శాతం మందికి తగ్గింది. తేడా ఉన్న మాట నిజం. అద్భుతం కాదన్నదీ అంతే నిజం.

ఈ తేడాకు కారణం సూక్ష్మజీవి చావడమేనా అన్నదానికి 2006లో ప్రచురితమైన మరో పరీక్ష ఆలోచింపజేసే జవాబిచ్చింది. జబ్బు కొత్తగా మొదలైన 66 మందికి ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ ఇస్తూ, వారిలో కొందరికి టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ కూడా ఇచ్చినప్పుడు, సూక్ష్మజీవిని చంపడానికి చాలని 20 మిల్లీగ్రాముల మోతాదు కూడా పెద్ద మోతాదుతో సమానంగా పనిచేసింది. మృదులాస్థిని, అంటే ఎముక చివర మెత్తలా ఉండే కణజాలాన్ని, కొరికివేసే ఎంజైములను ఈ మందులు అణచివేస్తాయని అంతకు ముందే తెలుసు కనుక, బ్రౌన్ ఊహ పూర్తిగా నిజం కాకపోయినా ఆయన చేతిలోని మందు వేరే దారిన మేలు చేసి ఉండవచ్చునని అనుకోవాలి. అయినా ఈనాటి వైద్యంలో ఇవి వెనక వరుసలోకి పోయాయి. అమెరికన్ రుమటాలజీ వైద్యుల సంఘం 2015 మార్గదర్శకాల్లో మినోసైక్లిన్‌ను లెక్కలోకే తీసుకోలేదు. ఏళ్ల తరబడి వాడితే చర్మం నీలి బూడిద రంగుకు తిరగడం, కొందరిలో కాలేయం వాచడం, లూపస్ అనే జబ్బు వంటి లక్షణాలు రావడం కూడా ఇందుకు తోడయ్యాయి.

బ్రౌన్ పద్ధతిని నమ్మిన అమెరికా రోగుల్లో ఒక వర్గం, లెడర్లీ సంస్థ తెచ్చిన అసలు బ్రాండ్ మినోసిన్ మాత్రమే పనిచేస్తుందని, జెనరిక్ మినోసైక్లిన్‌కు మారితే నొప్పులు తిరగబెడతాయని గట్టిగా వాదించింది. జెనరిక్ అంటే పేటెంటు గడువు తీరాక అదే మందును మరొక సంస్థ తయారుచేసి సాదా పేరుతో అమ్మడం. 1984 నాటి చట్టం తర్వాత అమెరికాలో అటువంటి మందు అనుమతి పొందాలంటే, అది రక్తంలోకి చేరే తీరు అసలు మందుకు సమానమని చూపించాలి. దీనినే జీవ సమానత అంటారు. ఈ సమానతకు పెట్టిన 80 నుంచి 125 శాతం అన్న హద్దును చూసి, ఒక బిళ్లకూ మరొక బిళ్లకూ నలభై అయిదు శాతం దాకా తేడా ఉండవచ్చునని చాలామంది పొరబడతారు. ఆ హద్దు సగటుకు కాదు, లెక్కలోని అనిశ్చితి మొత్తానికి. సగటుతో పాటు దాని అటూ ఇటూ ఉన్న పరిధి అంతా ఆ గీతల లోపలే ఇమడాలి. 12 ఏళ్లలో వచ్చిన 2,070 పరీక్షలను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తిరగదోడి చూస్తే, రక్తంలోకి చేరిన మందు పరిమాణంలో అసలుకూ జెనరిక్‌కూ సగటు తేడా సుమారు మూడున్నర శాతమే. అయినా ఆ రోగుల మాటను కొట్టిపారేయడం న్యాయం కాదు. ఈ జబ్బు తనంతట తానే పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. బిళ్ల రంగు మారిన నెలలోనే నొప్పి పెరిగితే రంగునే తప్పుపట్టడం మానవ సహజం. ఆ నొప్పి మాత్రం అబద్ధం కాదు.

భారతదేశంలో ఈ ప్రశ్నకు అసలు అదే రూపం ఉండదని ప్రవాసులు తరచు మరిచిపోతారు. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాక, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే హక్కు ఇచ్చింది కనుక, 2005లో ఆ చట్టం మారేదాకా ఒకే మందును పదుల సంస్థలు వేర్వేరు పద్ధతుల్లో చేసి, ఒక్కొక్కటి ఒక్కొక్క ముద్దుపేరు పెట్టి అమ్మాయి. అందుచేత ఏలూరు మందుల షాపులో బ్రాండు అని చూపేది కూడా చాలావరకు జెనరిక్కే, పేరు పెట్టుకున్న జెనరిక్. 2008లో మొదలైన జన ఔషధి దుకాణంలో దొరికేది పేరు పెట్టుకోని జెనరిక్. రెంటి మధ్య ధరలో తేడా పెద్దది. నాణ్యతలో తేడా ఉన్నా అది పేరును బట్టి ఉండదు, ఫ్యాక్టరీని బట్టి, పరీక్షను బట్టి ఉంటుంది. తేలికగా కరగని మందులకు జీవ సమానత పరీక్షను ఇక్కడ తప్పనిసరి చేసింది 2017లో మాత్రమే. జెనరిక్‌ల మీది అనుమానానికి ఈ ఆలస్యం కొంత కారణం. ఆ అనుమానాన్ని అజ్ఞానమని తోసివేయకుండా, పరీక్షలను పెంచి తీర్చడమే ప్రభుత్వం చేయవలసిన పని.

ఈ మందుల్లో కొన్నింటి వెనక ఉన్న మనిషి పేరు మాత్రం ఏ స్ట్రిప్ మీదా లేదు. కొల్లేటికి తూర్పున ఉన్న భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, ఖద్దరు వేసుకున్నందుకు ఆచార్యుని కోపానికి గురై తక్కువ స్థాయి పట్టాతో బయటపడి, ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పి, 1923లో బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో చదువుకుంటూ ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పని చేశాడు. 1940లో లెడర్లీ సంస్థకు మారి, అక్కడి పరిశోధనకు నాయకుడయ్యాడు. పేగులు పోషకాలను పీల్చుకోలేని స్ప్రూ జబ్బుతో సోదరులను పోగొట్టుకున్న ఆయన పర్యవేక్షణలోనే, ఆ జబ్బుకు ఉపయోగపడే ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశారు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అణువులను కూడా అదే బృందం చేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. మొదట పిల్లల రక్త క్యాన్సరు కోసం ఈ కుటుంబపు మందును వాడారు. 1951లో కీళ్ల జబ్బులో దాని మేలును గమనించారు. 1988లో అమెరికాలో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కు అధికారిక అనుమతి వచ్చింది. ఈనాడు ప్రపంచమంతటా ఈ జబ్బుకు తొలి మందు అదే. బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్, అంటే టెట్రాసైక్లిన్ కుటుంబపు మొదటి బిడ్డ, సుబ్బారావు నడిపిన ఆ ప్రయోగశాలల్లోనే పుట్టి, ఆయన కన్నుమూసిన 1948లోనే లోకానికి తెలిసింది; అమెరికా రోగులు పట్టుపట్టిన మినోసిన్ దాని వంశంలోనిదే. ఆయన మళ్లీ స్వదేశం చూడలేదు. ఒక ప్రవాసి ప్రయోగశాల నుంచి వచ్చిన మందు, దశాబ్దాల తర్వాత మరొక ప్రవాసి సంచిలో వేరే పేరుతో గోదావరి జిల్లాకు చేరుతున్నప్పుడు, మోసుకువచ్చినవారికి ఈ సంగతి తెలియకపోవడం బాధ కలిగిస్తుంది.

పేరు తెలియకపోవడం బాధతో ఆగితే ఇంత చెప్పవలసిన పని లేదు. దానివల్ల ప్రాణం మీదికి కూడా వస్తుంది. మెథోట్రెక్సేట్ కీళ్ల జబ్బుకు వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మందు. దాని దుష్ఫలితాలను తగ్గించడానికి మిగిలిన రోజుల్లో ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. అంటే ఒకే ఇంట్లో ఒకే పెట్టెలో, ఒకదానికొకటి విరుగుడైన రెండు చిన్న పసుపు బిళ్లలు ఉంటాయి; ఫోలిట్రాక్స్ అన్న పేరుతో అమ్మేది మెథోట్రెక్సేట్ కాగా, ఫోల్వైట్ అన్న పేరుతో అమ్మేది ఫోలిక్ యాసిడ్. చూపు మందగించిన పెద్దావిడ ఈ రెంటినీ తారుమారు చేసి, వారానికి వేసుకోవలసినది రోజూ వేసుకుంటే నోరు పుండ్లు పడి, ఎముక మజ్జ పనిచేయడం మాని, రక్తకణాలు తగ్గిపోయి చనిపోవచ్చు. ఇటువంటి మరణాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. బ్రాండు మంచిదా జెనరిక్ మంచిదా అన్న వాదంలో ఈ ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడరు. 2018 నుంచి మందు అసలు పేరు బ్రాండు పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉండాలన్న నిబంధన వచ్చింది గాని, ఆ అక్షరాలు ఇంగ్లీషువి అయినప్పుడు, కైకలూరు పక్క పల్లెలోని తల్లికి అవి పెద్దవైనా చిన్నవైనా ఒకటే.

ఇంకొక విషయం ఈ నేలలో మరింతగా పట్టించుకోవలసినది. టెట్రాసైక్లిన్ మందులు కాల్షియంతోను, ఇనుముతోను ముడిపడి ఒంటికి పట్టకుండా పోతాయి కనుక పాలతోనో, పెరుగన్నం తిన్న వెంటనే ఐరన్ బిళ్లతో కలిపో వేసుకుంటే, ఎంత ఖరీదైన బ్రాండయినా కొంత వృథా అవుతుంది. వేడికీ తేమకూ పాత టెట్రాసైక్లిన్ చెడిపోయి మూత్రపిండాలకు హాని చేసిన సందర్భాలు 1960ల్లోనే నమోదయ్యాయి. చెరువుల మధ్య ఇళ్లలో, వంటింటి అలమరలో ఏడాదికి సరిపడా దాచుకునే బిళ్లలకు ఆ పాఠం ఇప్పటికీ వర్తిస్తుంది. పైగా ఇదే కుటుంబానికి చెందిన ఆక్సీటెట్రాసైక్లిన్‌ను చేపలకూ రొయ్యలకూ వాడతారు. ఎగుమతి సరుకులో దాని అవశేషం కిలోకు 0.1 మిల్లీగ్రాము మించకూడదన్న హద్దు అందుకే ఏర్పడింది. నీటిలోనూ తిండిలోనూ ఈ మందు తిరుగుతున్న ప్రాంతంలో, కీళ్ల కోసం ఏళ్ల తరబడి అదే కుటుంబపు బిళ్ల మింగడం మందుకు లొంగని సూక్ష్మజీవులను పెంచే పని కనుక, రుమటాలజీ వైద్యుడు కారణం చెప్పి రాస్తే తప్ప, విదేశంలో ఎవరికో తగ్గిందని విని దాన్ని ఇక్కడికి పంపడం తగదు.

బోదకాలు ఉన్న గోదావరి పల్లెల్లో, ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి పంచిన డై ఇథైల్ కార్బమజీన్ బిళ్లలను జనం ఏళ్ల తరబడి ఏ కంపెనీవని అడగకుండా మింగారు. 1947లో హెట్రజాన్ పేరుతో వచ్చిన ఆ మందు కూడా సుబ్బారావు బృందానిదే. కంపెనీ పేరు అడగకపోయినా ఆ బిళ్ల దేనికో, ఎప్పుడు వేసుకోవాలో ఇచ్చినవారు ఎదురుగా నిలబడి చెప్పారు. మింగేదాకా ఉండి చూశారు. సముద్రాల అవతల ఉన్న కొడుకూ కూతురూ ఆ ఆరోగ్య కార్యకర్త చోట నిలబడలేరు గాని, సెలవులకు వచ్చినప్పుడు ఒక సాయంత్రం కూర్చొని తల్లి మందుల పెట్టెలోని ప్రతి డబ్బా మీదా లోపలి మందు పేరును తెలుగులో, లావు అక్షరాలతో రాసిపెట్టగలరు. ఒకే సంస్థ బిళ్ల నెలనెలా అందేలా ఊళ్లోని షాపువారితో మాట్లాడగలరు. పసుపు బిళ్లలు రెండింటినీ రెండు వేర్వేరు డబ్బాల్లో పోసి, ఒకదాని మీద మెథోట్రెక్సేట్, ఆదివారం మాత్రమే అని అంటించగలరు.