చంటిపిల్లవాడి గుర్రు

పెద్దవాళ్ళ గుర్రు ఇల్లంతటికీ బాధ. చంటిపిల్లవాడి గుర్రు ఇల్లంతటికీ ముచ్చట. విజయనగరంలో మా మనవడు పుట్టిన వారానికే గుర్రుపెడితే, "అచ్చు తాత పోలిక!" అన్నారు చుట్టాలు. గడ్డం లోపలికి నొక్కుకుపోయి ఉంటే, "పళ్ళొస్తే అదే సర్దుకుంటుంది" అన్నారు.

మా ఆవిడకి మాత్రం ఆ గుర్రు నచ్చలేదు. "ఏమండీ, వెల్లకిల్లా పడుకోబెడితే వీడి రొమ్ము లోపలికి గుంజుకుపోతోంది. రెండు గుక్కలు తాగేసరికి ఆయాసపడుతున్నాడు. ఇది నిద్ర కాదు, ఊపిరి కోసం పాట్లు" అంది.

విశాఖపట్నం తీసుకెళ్ళేం. కింది దవడ మరీ చిన్నదనీ, నాలుకకి చోటు చాలక వెనక్కి జారి ఊపిరి దారికి అడ్డం పడుతోందనీ చెప్పేరు డాక్టరుగారు. అంగిట్లో చీలిక కూడా ఉంది. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి తలుపులు తెరిచిన 1923లోనే, ఫ్రాన్సులో పియర్ రాబిన్ అనే దంతవైద్యుడు ఈ నాలుక సంగతి రాసేడు. ఆయన పేరే దీనికి ఉండిపోయింది.

ముందు బోర్లా పడుకోబెట్టి చూసేరు. (ఇది డాక్టర్ల కనుసన్నల్లో జరిగే వైద్యం, మామూలు పిల్లల్ని వెల్లకిల్లానే పడుకోబెట్టాలి.) ముక్కులోంచి గొట్టం వేసేరు. చాలామందికి అంతతో సరిపోతుంది. మావాడికి చాలలేదు.

ఇక మిగిలినవి రెండు దారులు: గొంతుకి రంధ్రం చెయ్యడం, లేదా దవడని పెంచడం. పెంచడమంటే, దవడ ఎముకని రెండువైపులా కోసి, చిన్న మరలు అమర్చి, రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడంగా జరుపుతారు. ఆ సందులో కొత్త ఎముక పుట్టుకొస్తుంది. దవడతోపాటు నాలుకా ముందుకొస్తుంది, దారి తెరుచుకుంటుంది. సైబీరియాలో ఇలిజారోవ్ అనే డాక్టరు కాళ్ళూ చేతుల ఎముకలకి వాడిన ఈ కిటుకుని, న్యూయార్కులో మెకార్తీ పిల్లల దవడలకి వాడి 1992లో లోకానికి చెప్పేరు.

శ్రీకాకుళం నుంచి మా వియ్యపురాలు పరుగున వచ్చేరు. "అన్నయ్యగారూ, నెల గుడ్డుకి ఎముక కోయిస్తారా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకు నోట మాట రాలేదు. మా అమ్మాయే చెప్పింది: "అత్తయ్యా, కొయ్యకపోతే వీడికి ప్రతి రాత్రీ గండమే."

గుడ్డల కొట్లో అంగుళం తగ్గితే దెబ్బలాడే మా ఆవిడ, ఆ పన్నెండు రోజులూ మిల్లీమీటర్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. పదో రోజుకి గుర్రు పల్చబడింది. ఎముక గట్టిపడేదాకా రెండు నెలలు ఆగి మరలు తీసేసేరు. అంగిటి చీలికకి ఏడాది నిండుతుండగా ఇంకో ఆపరేషను ఉంది.

ఇప్పుడు వాడు చప్పుడు లేకుండా నిద్రపోతాడు. ఆ నిశ్శబ్దం అలవాటు లేక మా ఆవిడే అర్ధరాత్రి లేచి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. మీ ఇంట్లో చంటిపిల్ల గుర్రుపెడితే ముచ్చటపడి ఊరుకోకండి. ఒక్క నిమిషం దీపం వేసి, రొమ్ము ఎలా కదులుతోందో చూడండి.