మెదడుకి కూడా కాస్త టైమివ్వాలి


తెలుగు పీరియడు అయిపోయి గంట కొట్టగానే లెక్కల పుస్తకం తీస్తాం. పుస్తకం మార్చడానికి అర నిమిషం చాలు. మెదడు మాత్రం అంత సులువుగా మారదు.

కావాలంటే ఈ పరీక్ష చేసి చూడండి. కాగితం మీద 1 నుంచి 10 వరకు రాయండి. తర్వాత అ నుంచి పది అక్షరాలు రాయండి. ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసుకోండి. ఇప్పుడు 1, అ, 2, ఆ అని మార్చి మార్చి రాయండి. రాసేవి అవే ఇరవై. అయినా టైము ఎక్కువ పడుతుంది, చెయ్యి ఆగి ఆగి నడుస్తుంది. ఆర్థర్ జెర్సిల్డ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1927లోనే ఇలాంటి పరీక్షలు పెట్టి ఈ సంగతి చూపించాడు.

ఎందుకట్లా? పని మారినప్పుడల్లా మెదడు పాత పద్ధతిని పక్కన పెట్టి కొత్తదాన్ని తెచ్చుకోవాలి. నుదుటి వెనక ఉన్న భాగానికి ఇందులో ముఖ్యమైన పని. పాతది వెంటనే పోదు, కాసేపు అడ్డం వస్తుంది.

భాష మారడం కూడా అంతే. మా గోండుల ఇళ్ళల్లో నీళ్ళని 'ఏర్' అంటాం. దసరా సెలవులకి ఇంటికి పోయిన మొదటి పూట నా నోట్లోంచి ముందు తెలుగే వస్తుంది. మన మాట మర్చిపోయినవని తాత బాధపడతాడు. కానీ నేను మర్చిపోలేదు! 1999లో మ్యూటర్, ఆల్‌పోర్ట్ అనే పరిశోధకులు రెండు భాషలు వచ్చినవాళ్ళతో అంకెలు చెప్పించారు. కొత్త భాషలోకి మారడం కన్నా తిరిగి సొంత భాషలోకి రావడానికే ఎక్కువ ఆలస్యమైంది. కొత్త భాష మాట్లాడాలంటే బాగా వచ్చిన భాషని గట్టిగా అణిచిపెట్టాలి, అందుకని వాళ్ళు చెప్పారు. బలమైన ఎద్దుని గట్టిగా కడితే ముడి విప్పడానికి కూడా టైము పడుతుంది కదా! వాళ్ళు కొలిచిన ఆలస్యం రెప్పపాటు కూడా ఉండదు. నాకైతే ఒక పూట పడుతుంది. అయినా దారి ఒకటే అనుకుంటాను.

కొత్తగా చేరిన చిన్న తమ్ముళ్ళు తెలుగులో ఏదన్నా అడిగితే బిక్కమొహం వేస్తారు. వాళ్ళని చూసి నవ్వకండి. పది లెక్కపెట్టేంతసేపు ఆగండి, చెబుతారు. స్టడీ అవర్లో లెక్క మధ్యలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలవకండి, లెక్క అయ్యాక పిలవండి. వార్డెన్ సార్లకి కూడా ఇదే నా మనవి.

— 9వ తరగతి విద్యార్థి